ఫ్లెక్సీకెక్కని మొహాలు

నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి స్వప్న వచ్చింది. బాధ్యతలు అప్పజెబుతున్న రోజు, "మేడం, గీ పనిల అన్నిటికంటె కష్టమైంది ఏంది?" అని అడిగింది. "ఈ కుర్చీయే. ఒక కాలు పొట్టి, చూసి కూర్చో" అన్నాను. నవ్వింది గానీ, తనకు జవాబు దొరకలేదని మొహంలోనే తెలిసిపోతోంది. ఇంటికొచ్చాక నాకూ మనసొప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. స్వప్నకొక్కదానికే కాదు, ఇలాంటి సంస్థల్లో కొత్తగా చేరే పిల్లలందరికీ.

నేను పనిచేసింది సిద్దిపేటలో ఒక చిన్న ఆరోగ్య సంస్థలో. టీబీ వచ్చినవాళ్లు మందులు మధ్యలో మానకుండా చూడటం, ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పడం, అవసరమైతే దవాఖానకు తోడు పోవడం మా సంస్థ పని. అందులో నా వంతు సలహాదారులను చూసుకోవడం. సలహాదారులంటే మెడలో స్టెతస్కోపు వేసుకున్న పెద్ద డాక్టర్లు అనుకునేరు. కాదు. టీబీ వచ్చి, మందులన్నీ మింగి, నయమైన మామూలు మనుషులు. జీతం తీసుకోరు. నెలకోసారి మా ఆఫీసు పైగదిలో కూర్చుని, మేం చేసే పనిలో తప్పులెక్కడున్నాయో చెబుతారు. మిర్చి బజ్జీలు, చాయ్ మావి. తిట్లు వాళ్లవి.

నా ఉద్యోగానికి కాగితం మీద పొడుగాటి పేరుంది. విప్పి చూస్తే లోపల ఒకటే పని. ఈ మనుషులెవరో బయటికి తెలియకుండా చూడటం. వాళ్లు తమ పేరు, ఊరు, ఫోను నంబరు, మొహం తెచ్చి నా చేతిలో పెట్టి నిశ్చింతగా ఇంటికి పోతారు. వాటిని కాపాడటానికి ఇప్పుడు చట్టం కూడా ఉంది, ఆఫీసులో నిబంధనల పుస్తకం ఉంది. చదవండి, మంచి పుస్తకమే. బీరువా తాళం ఎవరి దగ్గరుండాలో, కంప్యూటరు ఎవరు తెరవాలో చక్కగా చెబుతుంది. మనసున్న మారాజు ఒకాయన ప్రేమతో ముంచేయడానికి వస్తే ఏం చేయాలో మాత్రం అందులో లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో పేర్లు మార్చాను, ఊళ్లు మార్చాను. వాళ్లు చేసే పనులు కూడా మార్చానేమో, చెప్పను. రాసిందంతా వాళ్లకు చదివి వినిపించి, సరేనన్నాకే బయట పెడుతున్నాను. కాబట్టి సిద్దిపేట చాయ్ హోటళ్లలో కూర్చుని ఫలానా ఆయనే అని పందేలు కట్టకండి. చాయ్ చల్లారిపోతుంది.

యాదగిరి షరతు

యాదగిరిది నారాయణరావుపేట వైపు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంటలు చేస్తాడు. ఆయన బగార అన్నం ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి ఆయన వండుతున్నాడంటే దూరపు చుట్టాల పెళ్లికైనా పోతారు. టీబీ వచ్చి మంచాన పడ్డప్పుడు, భివండీలో తమ్ముని దగ్గరికి పోయాడని ఇంట్లోవాళ్లు చెప్పుకున్నారు. మందులు పూర్తిచేశాడు, పరీక్షల్లో నయమైందని తేలింది, మళ్లీ గరిటె పట్టాడు.

సలహాదారుగా రమ్మని నేను అడిగినప్పుడు, కుర్చీని తలుపు వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

"నేనొస్త అక్కా. గని ఒక్క షరతు."

"చెప్పు."

"నాకు టీబీ అయిండెనని బయట ఒక్కలకు తెల్సినా నా పొయ్యి ఆరిపోతది. వంటోనికి గా రోగమట అంటె ఎవలన్న పిలుస్తరా? నన్ను నమ్ముకోని కూరగాయలు కోసే ఆడోళ్లున్నరు, గిన్నెలు తోమేటోళ్లున్నరు. నా ఒక్కనిది గాదు, వాళ్ల పొయ్యిలు గూడ ఆరిపోతయి."

తెలియనివ్వనని మాట ఇచ్చాను. అలాంటి మాట ఇవ్వడం చాలా సులువు. క్షణం పట్టదు. దాన్ని మోయడమే నా ఉద్యోగమని మెల్లగా అర్థమైంది.

వచ్చిన మొదటి మీటింగులోనే మమ్మల్ని ఉతికి ఆరేశాడు. "మీరు మంచోళ్లే. మీ జీపే మంచిది గాదు" అన్నాడు. మా జీపుకు రెండు వైపులా టీబీ అని పెద్ద అక్షరాలు. అది ఎవరి ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి సంగతి వాడకట్టంతా తెలిసినట్టే. "మీరు వస్తున్నరంటె తలుపు ఎనుక దాక్కునేటోన్ని. మందులు మీ చేతుల ఉన్నయని తెల్సు, అయినా దాక్కున్న." మరునాటి నుంచి జీపు ఊరి బయటే ఆపి, మా వాళ్లు మామూలు చేతిసంచులతో నడిచిపోవడం మొదలుపెట్టారు. ఎండాకాలమంతా నన్ను తిట్టుకుంటూ నడిచారు. అంతకుముందు మూసుకున్న తలుపులు మాత్రం తెరుచుకున్నాయి.

డాక్టర్లకు తట్టనిది, మాకు తట్టనిది, అంత సూటిగా ఆయన ఎందుకు చెప్పగలిగాడు? తన పేరు ఆ గది దాటదన్న నమ్మకంతో. ఆ నమ్మకం పోయిన రోజు వాళ్లు వచ్చి కూర్చుంటారు, బజ్జీలు తింటారు, అంతా బాగుందని చెప్పి పోతారు. అలాంటి సలహా ఎవరికి కావాలి?

వీపు కూడా మొహమే

చిన్న చిన్న పాఠాలు రెండు చెప్పి అసలు కథకు వస్తాను.

మాకు నిధులిచ్చే వాళ్లు ఒకసారి మీటింగు ఫోటో కావాలన్నారు. మొహాలు పడకూడదు కదా అని తెలివిగా వెనక నుంచి తీశాం. అందరి వీపులు, ఎదురుగా బోర్డు. మేం మురిసిపోయాం, వాళ్లు దాన్ని ఫేస్‌బుక్కులో పెట్టారు. తర్వాతి మీటింగుకు మిరుదొడ్డి నుంచి వచ్చే సత్తెమ్మ చంకలో సంచి కింద పెట్టకుండానే అందుకుంది.

"ఓ సుగుణక్కా, మా ఆడిబిడ్డ మీరు దీసిన ఫోటో ఫోన్ల చూసి, గీ జడ మా వదినెదే, గా రైక నేను కుట్టిందే అన్నది. వీపులు గూడ బట్టలేసుకుంటయి గద."

సత్తెమ్మ చీరలు నేసే ఇంటి మనిషి, బట్టల గురించి ఆమెకు ఎదురు చెప్పేదేముంటుంది? ఆ రోజు నుంచి మా నివేదికల్లో మనుషులుండరు. చాయ్ గ్లాసులుంటాయి. నిధులిచ్చే వాళ్లు మొదట నొసలు చిట్లించారు, తర్వాత అలవాటుపడ్డారు.

ఇంకోసారి మా ఆఫీసువాళ్లే నివేదికలో పేరు రాయకుండా "నారాయణరావుపేట ప్రాంతానికి చెందిన ఒక వంటమాస్టరు" అని రాసి నాకు చూపించారు. పేరు లేదు కదా మేడం అన్నారు. ఆ ప్రాంతంలో అంత పేరున్న వంటమాస్టరు ఇంకెవరున్నారో చెప్పమన్నాను. అచ్చుకు పోకముందే ఆ వాక్యం కొట్టేశారు. మనది పెద్ద నగరం కాదు. ఇక్కడ ఊరు, పని చెబితే చాలు, మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు.

సేటు గారి ప్రేమ

మా సంస్థ అధ్యక్షుడు నాగభూషణం సేటు. బట్టల దుకాణం ఉంది, చేతికి ఎముక లేని మనిషి. వానాకాలంలో పైగది కారుతుంటే ఎవరూ అడగకముందే రేకులు వేయించారు. ఎవరు కష్టంలో ఉన్నారన్నా ఆయన కళ్లు చెమర్చేవి. ఇంత మంచి బాస్ దొరకడం నా అదృష్టం. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు ఫ్లెక్సీలు.

పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పండక్కి ఫ్లెక్సీ, పదో తరగతి పాసైతే ఫ్లెక్సీ, కొత్త అల్లుడికి స్వాగతం ఫ్లెక్సీ. మన దగ్గర ఒక మనిషిని గౌరవించాలంటే శాలువా కప్పాలి, ఫోటో తీయాలి, దాన్ని నాలుగు రోడ్ల కూడలిలో కట్టాలి. ఆ మూడూ కాకపోతే గౌరవించినట్టే లెక్కలేదు. సేటు గారు ఆ సంప్రదాయంలో పుట్టి పెరిగారు.

ఒక నెల మా మీటింగుకు మిఠాయి డబ్బాతో వచ్చి కూర్చున్నారు. సత్తెమ్మ మాటలు, యాదగిరి మాటలు విని కరిగిపోయారు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారని ఆప్యాయంగా కనుక్కున్నారు. పోయేముందు అందరితో సెల్ఫీలు దిగారు. ఫోన్లు తీయకూడదని గోడ మీద రాసి ఉంది. అయినా అధ్యక్షుడి చేతిలో ఫోను పెట్టేయమని అనేదెవరు? మీటింగు అయ్యాక ఆ ఫోటోలు తీసేయండి సేటు అన్నాను. తీసేస్త అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

వార్షికోత్సవానికి ముందు ఒక పొద్దున, ఫ్లెక్సీ దుకాణం నుంచి ఆఫీసు ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. సేటు గారు చెప్పిన ఫ్లెక్సీ తయారైంది, చూసుకోండి అని. తెరిచాను. ఎడమవైపు నిలువెత్తున సేటు గారు, చేతులు జోడించి. పైన "టీబీని గెలిచిన మా సలహాదారులకు వందనాలు" అని. కింద గుండ్రటి అద్దాల్లాంటి వాటిలో ఒక్కొక్కరి మొహం, పేరు, ఊరు. యాదగిరి నిండుగా నవ్వుతున్నాడు.

పెళ్లిళ్ల సీజను మొదలవబోతోంది. చాయ్ అక్కడే వదిలేసి స్కూటీ తీశాను.

అందరికీ తెలిసిన నంబరు

బట్టల దుకాణంలో సేటు గారి పక్కనే అప్పుడే వచ్చిన ఫ్లెక్సీ చుట్ట గోడకు ఆనించి ఉంది. సాయంత్రం కట్టిస్తారట. నన్ను చూసి ఆయన మొహం వెలిగింది.

"చూసినవా సుగుణమ్మా? మంచిగొచ్చింది గద."

"మంచిగనే వచ్చింది సేటు. కట్టొద్దు."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. చెప్పేకొద్దీ ఆయన మొహం చిన్నబోయింది. చిన్నబుచ్చుకున్న మంచివాడితో మాట్లాడటం కంటే కోపం తెచ్చుకున్న చెడ్డవాడితో మాట్లాడటం తేలిక.

"నేనేమన్న నిందలేసిన్నా? వందనం పెడుతున్న. రోగాన్ని గెల్చిన్రంటె గొప్ప గాదా? దాస్తేనే గద సిగ్గు పెరిగేది."

ఆ మాటలో నిజముంది. దాన్ని నేను కాదనలేదు. "గొప్పే సేటు. ఆ గొప్ప చెప్పుకునేది, చెప్పుకోనిది వాళ్లిష్టం. మనది గాదు."

"యాదగిరిదేం దాస్తవు సుగుణమ్మా? ఆయన ఆటో మీద, వంట గంజుల మీద, కరెంటు స్తంభాల మీద పేరు, నంబరు ఎర్ర రంగుల రాసుకున్నడు. ఊరంతకు తెల్సిన మనిషి."

ఆయన అన్నది అక్షరాలా నిజం. యాదగిరి పేరు సిద్దిపేటలో గోడగోడకూ ఉంది. దాచడానికేముంది?

"గా పేరు ఆయన ఆటో మీదుంటె అన్నం పెడ్తది సేటు. మన ఫ్లెక్సీ మీదుంటె కడుపు కొడ్తది. పేరు ఒకటే. జాగ వేరు."

సేటు గారు ఫ్లెక్సీ చుట్ట వైపు చూశారు, నా వైపు చూశారు. ఒప్పుకోలేదు, కాదనా లేదు. "తినొచ్చి చెప్త" అని లేచారు. ఫ్లెక్సీ బొమ్మ ఫోనులో ఉంది కదా, ఇంట్లో చూపిద్దామని ఆయన మనసు. నేను ఆఫీసుకొచ్చి కుంటి కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క పనీ చేయలేదు.

పిల్లలూ, ఈ విషయం బాగా గుర్తుపెట్టుకోండి. మీరు దొంగల కోసం కాపలా కాస్తుంటారు. నా ఉద్యోగమంతటిలో మా సలహాదారుల వివరాల కోసం దొంగ ఒక్కడూ రాలేదు. వచ్చిందంతా మనవాళ్లే. ప్రేమతో, గర్వంతో, చనువుతో వచ్చారు. ఎక్కువగా పై కుర్చీలోంచి వచ్చారు.

భోజనం దగ్గర ఏమైందంటే

సేటు గారు మధ్యాహ్నం తనే మా ఆఫీసుకొచ్చారు. ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని, మెట్లెక్కి, ఎదురుగా కూలబడ్డారు. మంచినీళ్లు తాగాకే మాట్లాడారు.

ఇంట్లో వాళ్ల మనుమడికి ధోతుల ఫంక్షన్ పెట్టుకున్నారు. పిల్లవాడికి మొదటిసారి పంచె కట్టించే వేడుక, చుట్టాలందరూ వస్తారు. దానికి వంట ఎవరనుకున్నారు? యాదగిరే. నెల కిందనే మాట్లాడుకున్నారు. అన్నం తింటూ సేటు గారు ఫోను తీసి భార్యకు చూపించారు. ఆమెను మేమందరం సేటమ్మ అంటాం. ఆమె ఫ్లెక్సీ చూసింది, గుండ్రటి అద్దంలో యాదగిరిని చూసింది.

"ఏమన్నదో తెల్సా సుగుణమ్మా?" సేటు గారు నేలకేసి చూస్తూ చెప్పారు. "గీయనకు టీబీనా, గీయన చేతి వంట మనం తిన్నమా, రేపే ఇంకో వంటాయనను మాట్లాడు అన్నది. నా భార్య. నేను టీబీ సంస్థకు అధ్యక్షున్ని. నా ఇంట్లనే గిట్లంటె, ఊర్ల ఏమంటరు?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. ఆయన మీద ఉన్న గౌరవం ఆ క్షణంలో రెట్టింపయింది కూడా. పొద్దున నేను అంతసేపు మొత్తుకున్నా చెవికెక్కనిది, అన్నం దగ్గర ఒక్క మాటతో ఎక్కింది. ఎక్కాక తప్పించుకు తిరగలేదు, నడిచి వచ్చారు.

"దీన్ని ఇక్కడే కోసి పారేద్దాం. ఫోన్లదంత తీసేసిన. దుకాణపాయనకు గూడ తీసెయ్యమని చెప్పిన. ఇగ యాదగిరికి చెప్పుడెందుకు? బాధపడ్తడు."

ఇక్కడ కొత్తవాళ్లు తడబడతారు. తప్పు బయటికి పోకముందే సర్దేశాం కదా, చెప్పడమెందుకు అనిపిస్తుంది. కానీ అది మన రహస్యం కాదు. ఆయనది. ఆయన వస్తువు మన చేతిలో పగిలితే, పగిలిందని ఆయనకు తెలియాలి. సేటమ్మకు తెలిసిపోయింది కదా. రేపు ఆ ఫంక్షన్ వంట పోతే ఎందుకు పోయిందో తెలియక ఆయన కొట్టుకులాడాలా?

"చెప్పాలె సేటు. ఇప్పుడే, మనమే పోయి" అన్నాను.

ఉల్లిగడ్డల మధ్య

యాదగిరి ఒక ఫంక్షన్ హాలు వెనక రేపటి పెళ్లికి సామాను సర్దుతున్నాడు. నా స్కూటీ వెనక సేటు గారు, ఆయన చేతిలో ఆయనంత పొడుగు ఫ్లెక్సీ చుట్ట. దారిలో చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు, అడగలేదు.

పక్కకు పిలిచి, జరిగిందంతా చెప్పాం. సేటు గారే ఎక్కువ చెప్పారు, ఏదీ దాచలేదు. ఇంట్లో సేటమ్మ అన్నది కూడా చెప్పారు. యాదగిరి మొహంలో రంగు పోయింది.

"ఎవలెవలు చూసిన్రు?"

"ఫ్లెక్సీ దుకాణం ఆయన, నేను, సేటు, సేటమ్మ" అన్నాను.

చుట్ట విప్పమన్నాడు. గోడ చాటున విప్పాం. తన మొహం వైపు చాలాసేపు చూశాడు.

"నన్నింత మంచిగ ఎవలు ఫోటో దియ్యలే ఇప్పటిదాక" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సేటు గారు ఆ ఫ్లెక్సీని లాక్కుని పొయ్యి వైపు నడిచారు. యాదగిరి అడ్డుపడ్డాడు. "పొయ్యిల ఎయ్యకుండ్రి సేటు. గా ప్లాస్టిక్ వాసన పెండ్లోళ్ల వంటంత పడ్తది." అని కూరగాయల కత్తి తెచ్చి, మొహాలూ పేర్లూ ఉన్న సగాన్ని వేలెడంత ముక్కలుగా కోశాడు. సేటు గారు చేతులు జోడించిన సగం మాత్రం మంచిగా ఉందని, ఉల్లిగడ్డల బస్తాల మీద కప్పాడు. సేటు గారు అభ్యంతరం చెప్పలేదు.

కత్తి కడుక్కుంటూ అన్నాడు. "మీరొచ్చి చెప్పిన్రు, మంచిగైంది. కోపమైతే ఉన్నది, లేదని ఎందుకంట? గని సేటు, మీ మనుమని ఫంక్షన్ నేను వండ. భయపడుకుంట తినేటోళ్లకు వండుడు నాతోని గాదు. మీరే ఇంకొకలను చూసుకోండ్రి."

ఫ్లెక్సీ కట్టనే లేదు, అయినా ఒక పొయ్యి ఆరింది. వివరాలు బయటికి పొక్కడమంటే ఏమిటో నేను ఎన్నో శిక్షణల్లో విన్నాను. ఉల్లిగడ్డల మధ్య నిలబడి చూసింది ఆ రోజే.

మిగతా సలహాదారులందరికీ కూడా ఒక్కొక్కరికి విడిగా చెప్పాం. ఒకరిద్దరు కోప్పడ్డారు, ఒకాయన కొన్నాళ్లు మీటింగులకు రాలేదు. సత్తెమ్మ మాత్రం ఒంటికాలి మీద లేచింది, వేరే కారణానికి. "నాది ఎందుకు కోసిన్రు? నేను వద్దన్ననా? నాకు టీబీ అయిందని మా ఊరంత తెల్సు. గా వీపుల ఫోటో అయినంక నేనే చెప్పిన. కట్టుండ్రి నాది" అంది. అనుమతి కాగితం మీద ఆమె వేలిముద్ర కాదు, సంతకమే తీసుకుని, ఆమె ఒక్కదాని ఫోటోతో సేటు గారు ఫ్లెక్సీ వేయించారు. మిరుదొడ్డి సెంటర్లో కట్టిన రోజు ఆమె దాని కింద నిలబడి ఇంకో ఫోటో దిగింది. చూశారా, ఒకరికి అన్నం, ఒకరికి కడుపు మీద దెబ్బ. అడగకుండా ఏది ఏదో మనకెలా తెలుస్తుంది?

సేటమ్మ అడిగిన ప్రశ్న

కొన్ని రోజులకు సేటమ్మ మా ఆఫీసుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కొంగు సర్దుకుని, పైగదిలో ఎవరూ లేరని చూసుకుని కూర్చుంది.

"సుగుణా, ఒక్క మాట చెప్పు. గాయనకు మొత్తం తగ్గిందా?"

"ఎవరికి వదినా?"

"యాదగిరికి."

"యాదగిరి బగార మంచిగ చేస్తడని తెల్సు నాకు. అంతకు మించి ఆయన గురించి ఏం చెప్పరాదు."

ఆమెకు చిర్రెత్తింది. "ఫోటో నా కండ్లతోని చూసినంక గూడ దాస్తవా?"

"మీరు చూసింది సేటు తప్పు. నేను చెప్తె అది నా తప్పయితది."

ఒక్క ముక్క చెబితే ఆయన వంట ఆయనకు తిరిగొస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమైన ఘడియ అదే, స్వప్నా. ఆయనకు మంచి జరుగుతుందని తెలిసినా ఆయన మాట ఆయన అనుమతి లేకుండా చెప్పకూడదు. మింగేశాను.

"టీబీ సంగతి అడుగుండ్రి వదినా, ఎంతసేపైన చెప్త" అన్నాను.

అడిగింది. ప్లేటుతో అంటుతుందా? అంటదు. చెంచాతో? అంటదు. వండిన అన్నంతో? అంటదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉండి, మందులు వాడనివాళ్లు దగ్గితే గాలి ద్వారా సోకుతుంది. మందులు పూర్తిచేసి నయమైన మనిషి నుంచి భయం లేదు. ఇవన్నీ చెబుతుంటే ఆమె మొహం పాలిపోతూ వచ్చింది.

"మా చిన్నమామకు అయిండె" అంది. "ఆయన ప్లేటు, గిలాస వేరే పెట్టినం. తగ్గినంక గూడ వేరేనే. ఎన్నేండ్లో. ఆయనే కడుక్కోని, ఆయనే బోర్లించుకునేటోడు. ఒక్కనాడు గూడ ఏమనలే. గట్లనే పోయిండు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అవసరమే లేకపాయె గద సుగుణా."

లేకపాయె వదినా అన్నాను. ఆమె లేచి, "గీ ముచ్చట ఎవలకు చెప్పకు" అంది. చెప్పలేదు. ఇప్పుడు రాయమన్నది ఆమే. వేరే ప్లేట్లు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయట, వాళ్లు చదవాలట.

మా ఆఫీసు నుంచి ఆమె నేరుగా యాదగిరి ఇంటికి పోయింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అడగకపోవడమే నా ఉద్యోగం.

ధోతుల ఫంక్షన్

మరుసటి మీటింగు నుంచి పైగది గుమ్మంలో ఒక వెదురు గంప పెట్టాం. ఫోన్లన్నీ అందులోకి. మొదటి ఫోను అధ్యక్షుడిది పడాలి, తర్వాతే మిగతావాళ్లవి. ఇది సేటు గారే పెట్టిన నియమం. ఆ గంప ఇప్పటికీ అక్కడే ఉంది, నిబంధనల పుస్తకం కంటే బాగా పనిచేస్తోంది.

ధోతుల ఫంక్షన్‌కు నన్నూ పిలిచారు. హాలు బయట యాదగిరి ట్రాలీ ఆటో నిలబడి ఉంది, వెనక తలుపు మీద ఎర్ర రంగులో, మూరెడు అక్షరాల్లో పేరు, నంబరు. లోపల బగార వాసన. పిల్లవాడు పంచె జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. సేటు గారు మొదటి పంక్తిలో కూర్చుని తిన్నారు. సేటమ్మ ఆయన పక్కన కూర్చుని, అన్నం అయిపోయాక ఇంకొంచెం వడ్డించమంది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు వేళ్లు నాకుతూ, "అక్కా, గీ వంట ఎవలదే? నంబరియ్యి. మా ఇంట్ల పెండ్లి ఉన్నది" అంది.

"ఆగు" అంది సేటమ్మ. "ఆయనను అడిగి ఇస్త."

చెల్లెలు ముక్కున వేలేసుకుంది. "వంటాయన నంబరు అడిగి ఇచ్చుడేందే?"

సేటమ్మ లేచింది. చేయి కడుక్కుని, పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, పొయ్యిల దగ్గరికి నడిచింది. నేను వెనకే పోయాను. తెరిచిన గేటులోంచి ఆటో, దాని మీద ఆ నంబరు మాకందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

"యాదగిరీ, మా చెల్లె నీ నంబరు అడుగుతుంది. ఇయ్యన్నా?"

యాదగిరి గరిటె గంజులో ఆపి ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. గేటు బయట తన ఆటో వైపు చూశాడు. మెల్లగా మొహమంతా నవ్వు పరుచుకుంది, ఆ ఫ్లెక్సీలో ఉన్నట్టే.

"ఇయ్యుండ్రి సేటమ్మా" అన్నాడు. "గా నంబరు మాత్రం అందరికియ్యుండ్రి."